రాములన్న ఓడిన కుప్ప

"ఖలాస్ మేడమ్. కేసు అయిపోయింది. నాలుగింటికి రిపోర్టు ముదీర్ టేబుల్ మీద ఉంటది," అన్నాడు రమీజ్, కుర్చీలోంచి లేవకుండానే.

ముదీర్ అంటే పెద్ద మేనేజరు. గోడ గడియారం చూశాను. రెండుంపావు.

"అయిపోయిన కేసుకి నన్నెందుకు పిలిచినట్టు?"

"నేను పిలవలే. హెడ్డాఫీసోళ్ళు పంపిన్రు."

అది నిజమే. నా ఐడీ కార్డు మీద 'అనంతలక్ష్మి, కంప్లయన్స్ మేనేజర్' అని ఉంటుంది కానీ, గల్ఫ్‌లో మా కంపెనీ కార్మికులుండే క్యాంపులన్నిటిలోనూ నా పేరు సీఐడీ మేడమ్. ఎక్కడ ఏది పోయినా, ఎవరి మీద ఎవరు ఏం రాసినా నిజం తేల్చడం నా ఉద్యోగం. రమీజ్ ఈ అల్ కుసైస్ క్యాంపుకి సెక్యూరిటీ ఇన్‌చార్జి. హైదరాబాదు మనిషి, నిజాయితీపరుడు, తొందర ఎక్కువ. మేమిద్దరం ఒకే కేసు మీద పడటం ఇది నాలుగోసారి. ఇప్పటిదాకా నావి రెండు, అతనిది ఒకటి. ఆ ఒకటి గుర్తుచేయకుండా నాకు చాయ్ కూడా పోయించడు.

"చెప్పండి, వింటాను," అన్నాను.

చెప్పాడు. నిన్న ఆదివారం, సైటుకి సెలవు. క్యాంపు ఆవరణలోనే ఉన్న స్టోరులోంచి సర్వే మెషీన్ పోయింది. పసుపు పెట్టెలో ఉండే యంత్రం, మంచి కారంత ఖరీదు. స్టోరు తలుపు ఐడీ కార్డు గీస్తేనే తెరుచుకుంటుంది. ఎవరి కార్డు, ఏ నిమిషం అన్నది కంప్యూటర్‌లో పడుతుంది. నిన్న మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు తలుపు తెరిచిన కార్డు వెంకట్రాములుది. రెండూ పద్దెనిమిదికి మళ్ళీ మూతపడింది.

"స్టోరు హెల్పరు. పదకొండేండ్ల సర్వీసు. మొదటిసారి అడిగితే రూముల పండుకున్న అన్నడు. రూములో లేడని ఇద్దరు చెప్పిన్రు. అప్పుడు మాట మార్చిండు. రిక్రియేషన్ రూములో పోకర్ ఆడుతున్న అన్నడు. అబద్ధం పట్టుకుంటే జూదం బయటపడ్డది మేడమ్, ఒక్క దెబ్బకు రెండు!"

"సాక్షులు?"

"ఆడినోళ్ళు ఇంకా ఇద్దరు. దయాకర్, గంగాప్రసాద్. రాములు కుర్చీలోంచి లేవలేదంటరు. కానీ ముగ్గురిదీ ఒకటే ఊరు, జగిత్యాల దగ్గర. దోస్తుని కాపాడుకుంటరు కదా. నాల్గో మనిషి ఉన్నడు, స్టోరు ఇన్‌చార్జి మంగరాజు. ఆయన కూడా అక్కడనే కూర్చున్నడంట. రాములు ఆట మధ్యల లేచిపోయిండని రాసిచ్చిండు. తను కూడా పేకాట దగ్గర ఉన్నానని తనంతట తనే ఒప్పుకున్నడు. తన మీదికి తెచ్చుకొని ఎవడైనా అబద్ధం చెప్తడా?"

ఆ చివరి మాట బలమైనదే. నాలుగింటికి ఆ రిపోర్టు వెళితే వెంకట్రాములు వీసా రద్దవుతుంది, దొంగ అన్న పేరుతో విమానం ఎక్కిస్తారు. పదకొండేళ్ళలో ఒక్క మెమో లేని మనిషి. నాకు గంటా నలభై అయిదు నిమిషాలు ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు ఆ క్షణం చాలా సంతోషంగా ఉంది. కేసులో పోకర్ అన్న మాట వినపడగానే ప్రాణం లేచొచ్చింది. ప్రతి శనివారం మా ఇంట్లో నలుగురు ఆడవాళ్ళం చింతపిక్కలతో ఆడే ఆట అదే మరి. ఆ చింతపిక్కలు సోఫా కింద దొరికిన ప్రతిసారీ మా ఆయన జగన్మోహనరావు గొణుగుతూనే ఉంటారు.

* * *

వెంకట్రాములుని గార్డు గదిలో కూర్చోబెట్టారు. నలభై అయిదేళ్ళుంటాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. మొదట అబద్ధం ఎందుకు చెప్పారు?"

"పోకర్ అంటె జైలే అంటరు మేడం. భయమైంది. మేం పైసలు వెట్టలే. ఒట్టు. వాషర్లతోని ఆడుతం. తుప్పు పట్టినయి, పారేసినయి ఏరుకున్నం. చిన్న వాషర్ ఒకటి, పెద్దది అయిదు, నట్టు పది. ఆట ఒడిసినంక అన్నీ డబ్బాల వోసి పెడ్తం."

"ఎవరు నేర్పారు?"

"మంగరాజు సారు. అంతకుముందు మేం మూడు ముక్కలాట ఆడెటోళ్ళం. కొట్లాటలైతుండె. సారే మాన్పిచ్చి ఇది నేర్పిండు. మంచోడు మేడం, ఆయన గిట్లెందుకు రాసిండో నాకు సమజైతలేదు."

"నాకు ఆట రాదనుకోండి. చెప్పండి చూద్దాం, ఎలా ఆడతారు?"

చేతులు ఊరికే ఉండలేకపోయాయి పాపం. టేబుల్ మీద లేని పేకను పంచుతూ చెప్పాడు.

"ఒక్కొక్కలకు రెండు ముక్కలు ఏస్తరు. అవి ఎవ్వలకు సూపియ్యద్దు. నడుమల మూడు ముక్కలు తెరుస్తరు. అటెన్క ఒకటి, అటెన్క ఇంకొకటి. నడుమలయి అందరియి. చేతులయి రెండు, నడుమలయి అయిదు, మొత్తం ఏడింట్ల మంచియి అయిదు ఏరుకునుడు. ముక్క తెరిచినప్పుడల్ల మన వంతు అస్తది. ఉంటవా, పెంచుతవా, పడేస్తవా?"

"మీకు బాగా వచ్చింది ఏది?"

"పడేసుడు," అన్నాడు, అంత భయంలోనూ నవ్వి. "మూడు ముక్కలాటల పడేస్తె పిరికోడంటరు. దీంట్ల పడేసెటోనికే తెలివి ఉన్నట్టు. సారు అదే చెప్పెటోడు. ఇదివరకు ఫోర్‌మెన్ ఒక మాటంటె నేను నాలుగనేటోన్ని. ఇప్పుడు మనసుల అనుకుంట, ఈ ముక్కలతోని ఆడద్దు రాములూ, పడెయ్యి అని. మా ఇంటామె సాయవ్వ ఫోన్ల అడిగింది, ఏమైంది నీకు, మస్తు నిమ్మలంగ మాట్లాడుతున్నవని."

నేను ఏ పుస్తకం చదివీ ఇంత బాగా చెప్పలేను. ఈ మనిషి దొంగ కాకూడదని అప్పుడే కోరుకున్నాను. కోరుకోవడం వేరు, తేల్చడం వేరు కదా, అందుకని అసలు విషయానికి వచ్చాను.

"నిన్న పెద్ద కుప్ప ఏదైనా పడిందా?"

"పడ్డది మేడం! రెండు గంటలప్పుడు. నడుమల ఆటీన్ ఆరు, ఆటీన్ ఏడు, ఇస్పేట్ ఎనిమిది, ఆటీన్ రాజు, కళావర్ రెండు. నా చేతుల ఆటీన్ ఆసు, ఆటీన్ నాలుగు. అయిదు ఆటీన్లు, కలరు! గంగాప్రసాద్ పడేసిండు. దయాకర్ పెంచిండు, నేను పెంచిన. తెరిస్తె వాని దగ్గర తొమ్మిది, పది. ఆరు నుంచి పది దాక సీక్వెన్స్."

"తరువాత?"

"ఏముంది మేడం, దయాకర్ గాడు కుప్ప గుంజుకున్నడు. నా దగ్గర నాలుగు వాషర్లు మిగిలినయి. మూడున్నర దాక మళ్ళ కూడవెట్టుకున్న."

నా చేతిలో పెన్ను ఆగింది. మొహంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు. అది నాకు ఆట నేర్పిన మొదటి పాఠం.

"మీ ఐడీ కార్డు అప్పుడు ఎక్కడుంది?"

"తలుపు బయట గోడకున్న మొలకు. మెడల కంపెనీ కార్డు ఏసుకొని పేక ముట్టద్దని సారు పెట్టిన రూలు. అందరం విప్పి బయట తగిలేస్తం."

* * *

రిక్రియేషన్ రూము స్టోరుకి అవతలి వైపు, ఆవరణ దాటి మూడు నిమిషాల నడక. తలుపు బయట గోడకి వరసగా అయిదు మేకులు. లోపల కూర్చున్నవాళ్ళకి అవి కనపడవు. నేనే ఒక కుర్చీలో కూర్చుని చూశాను. చెయ్యి చాపి కార్డు తీసుకెళ్ళినా, తిరిగి తెచ్చి తగిలించినా ఎవరికీ తెలియదు. రమీజ్‌కి చూపించాను.

"ఎవరైనా తియ్యొచ్చు. అంటే రాములు కూడా తియ్యొచ్చు," అన్నాడు అతను. తప్పు పట్టడానికి లేదు.

గదిలో బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, వాషర్ల డబ్బా. బల్ల వెనక గోడ మీద టేపు మరకలు నాలుగు, పెద్ద కాగితం నాలుగు మూలలంత దూరంలో. కాగితం లేదు.

దయాకర్‌ని ఒక్కడినే లోపలికి పిలిచాను. పాతికేళ్ళవాడు, ఏసీ డక్టుల పని. నిన్నటి పెద్ద ఆట అడగ్గానే, విచారణ అన్న సంగతి కూడా మరచిపోయి కళ్ళు పెద్దవి చేశాడు.

"నేనే కొట్టిన మేడం! రాములన్నది ఆసు కలరు, నాది సీక్వెన్స్. కుప్ప మొత్తం నాదే! గంగన్న ఫోటో తీసి గ్రూపుల పెట్టిండు, సూడుండ్రి."

వాళ్ళ నలుగురి వాట్సాప్ గ్రూపు. ఫోటోలో రెండు వైపులా తెరిచిన ముక్కలు, నడుమ అయిదు, పక్కన ఇంకా ఎవరూ ముట్టుకోని వాషర్ల కుప్ప. మనుషులు లేరు. సమయం రెండు గంటల నాలుగు నిమిషాలు. కింద గంగాప్రసాద్ రాత: 'ఇటు దయాకర్, అటు రాములన్న'. ఆ తరువాత రెండూ ముప్ఫై ఒకటికి మంగరాజు పంపిన బొటనవేలి గుర్తు.

"ఆ గోడకి ఏముండేది?"

"చార్టు మేడం. ఏది పెద్దది, ఏది చిన్నది అని మంగరాజు సారు రాసింది. రమీజ్ సారు చూస్తె తిడ్తడని ఆయన పెట్టెలనే దాచుకుంటడు. ఆయన అచ్చినప్పుడు అంటిస్తడు, పోయేటప్పుడు తీస్కపోతడు."

"నిన్న అంటించాడా?"

"ఆయన నిన్న రానేలేదు గద!"

గంగాప్రసాద్ కూడా విడిగా అదే చెప్పాడు. పెద్ద కుప్ప దయాకర్‌ది. రాములన్న మొహం చిన్నబోయింది. చార్టు లేదు, సారు రాలేదు. ముగ్గురి చేతా వేరు వేరు కాగితాల మీద రాయించి సంతకాలు తీసుకున్నాను.

బయటికి రాగానే రమీజ్ ఎదురొచ్చాడు. మూడూ అయిదు.

"ఏమన్నరు? సారు రాలేదు, రాములు లేవలేదు, అంతే కదా? నాకూ అదే చెప్పిన్రు. కూడబలుక్కున్నరు మేడమ్."

"కావచ్చు. ఆ బొటనవేలు చూశారా? పక్క కుర్చీలో కూర్చున్న మనిషి, కళ్ళెదురుగా జరిగిన ఆటకి, అరగంట తరువాత ఫోన్లో గుర్తు పంపుతాడా?"

"నా బీవీ పక్కన కూర్చొనే నాకు ఫార్వర్డులు పంపిస్తది. అది ప్రూఫ్ కాదు."

నవ్వొచ్చింది. మాట మాత్రం నిజం, అది రుజువు కాదు. "మంగరాజుని పిలవండి. మీరూ కూర్చోండి. నేను అడిగేటప్పుడు మధ్యలో మాట్లాడకండి, చాలు."

"మాట్లాడితే?"

"రెండోది కూడా మీ ఖాతాలో పడదు."

* * *

మంగరాజుది అమలాపురం దగ్గర. మాది కాకినాడ. నన్ను చూడగానే మనవాళ్ళన్న ఆప్యాయత మొహంలో కనపడింది. నాకూ ఆ యాస వినగానే మనసు మెత్తబడింది, దాచడమెందుకు. గోదావరి వెటకారం తెలిసిన మనిషితో పది నిమిషాలు మాట్లాడితే నాకు వారానికి సరిపడా హుషారు వస్తుంది.

"రండి మంగరాజు గారూ. పోకర్ బాగా నేర్పారంట. వాళ్ళు మిమ్మల్ని తెగ మెచ్చుకుంటున్నారు."

"ఏదోనండి, కుర్రాళ్ళు సెలవు రోజున కొట్టుకు చస్తున్నారని మొదలెట్టానండి. ఓపికొస్తాదండి, లెక్కొస్తాదండి, ఎదుటోడి వాలకం తెలుస్తాదండి. చెయ్యి బాలేనప్పుడు పడేసి ఊరుకోడం తెలియాలండి, అసలు ఆటంతా అందులోనే ఉందండి."

"మా రమీజ్ గారికి ఏమీ తెలియదు. ఏది పెద్దదో, ఏది చిన్నదో ఒక్కసారి చెప్పండి."

రమీజ్ నన్ను కోపంగా చూశాడు. మంగరాజు మాత్రం మాస్టారైపోయాడు. వేళ్ళు మడుస్తూ చెప్పాడు.

"ఏమీ లేకపోతే పెద్ద ముక్కండి. దానిమీద జత. ఆపైన రెండు జతలు. ఆపైన ఒకే రకం మూడు. దానిమీద సీక్వెన్సు, అంటే వరసగా అయిదు. దానిమీద కలరు, ఒకే గుర్తువి అయిదు. ఆ పైన మూడూ రెండూ కలిసింది ఫుల్ హౌసు, తరువాత నాలుగు ఒకే రకం, అన్నిటికన్నా పైన కలరులో సీక్వెన్సండి."

"సీక్వెన్సు కన్నా కలరు పెద్దదా? మూడు ముక్కలాటలో..."

"అదేనండి తిరకాసు!" తొడ మీద చరుచుకున్నాడు. "మూడు ముక్కలాటలో సీక్వెన్సు పైదండి, కలరు కిందదండి. మనోళ్ళు చిన్నప్పటినుంచీ అదే ఆడారు కదండీ, చెయ్యి అటే పోతాది. అందుకే చార్టు రాసి అంటిస్తానండి."

"అంటించినా తప్పు చేస్తే?"

"నేనుండగా తప్పు జరగనిస్తానేంటండీ? కుప్ప మీద చెయ్యి పడనివ్వను."

"నిన్న మీరు ఎక్కడ కూర్చున్నారు?"

"తలుపు పక్క కుర్చీలోనండి. ఆడలేదు, చూస్తా కూచున్నానండి. ఒంటిగంటన్నర నుంచి మూడింటిదాకా కదల్లేదండి."

"రాములు ఎప్పుడు లేచాడు?"

"రెండూ అయిదుకండి. పెద్ద కుప్ప పడిందండి. దయాకర్‌ది పది దాకా సీక్వెన్సు, రాములుది ఆసు కలరు. రాములు గెలిచాడండి."

"కుప్ప ఎవరు తీసుకున్నారు?"

"గెలిచినోడే కదండీ! రెండు చేతులా లాక్కున్నాడు. 'ఇగ చాలు, ఇప్పుడే అస్త' అని లేచాడండి. ఇరవై నిమిషాలకి వచ్చాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సిందండి."

"కుప్ప రాములే తీసుకున్నాడు. కళ్ళారా చూశారు."

"కళ్ళారానండి."

బల్ల మీద మూడు కాగితాలు పరిచాను. రమీజ్ వైపు తిప్పాను.

"చదవండి రమీజ్ గారూ. గట్టిగా. కుప్ప ఎవరు తీసుకున్నారన్న లైను ఒక్కటే."

చదివాడు. మొదటి కాగితం, దయాకర్. రెండోది, దయాకర్. మూడోది వెంకట్రాములు స్వయంగా రాసింది: 'నేను ఓడిన, దయాకర్ కుప్ప గుంజుకున్నడు.' మూడోది చదివేసరికి రమీజ్ గొంతు నెమ్మదించింది.

"పోకర్ రూలు ప్రకారం కలరుదే గెలుపు. మంగరాజు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ కరెక్టు," అన్నాను. "కానీ నిన్న ఆ గదిలో అలా జరగలేదు. చార్టు లేదు. ముగ్గురిదీ మూడు ముక్కలాట చెయ్యి. సీక్వెన్సు చూడగానే అదే పెద్దదనుకున్నారు. దయాకర్ లాక్కున్నాడు, రాములు ఊరుకున్నాడు, గంగాప్రసాద్ చూస్తూ ఉన్నాడు. తప్పు చేశామని ఈ నిమిషానికి కూడా ఆ ముగ్గురికీ తెలియదు. మీరు కూడబలుక్కున్నారన్నారు. అబద్ధాన్ని కూడబలుక్కోవచ్చు రమీజ్ గారూ. తప్పని తెలియని తప్పుని ముగ్గురు కూడబలుక్కుని ఎలా రాస్తారు?"

రమీజ్ ఆ మూడు లైన్లనీ మళ్ళీ చదువుకున్నాడు. అతను ఏదైనా రెండుసార్లు చదవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మీరు చూసింది ఫోటో, మంగరాజు గారూ. రెండూ ముప్ఫై ఒకటికి, స్టోరు పని ముగించుకుని, రాములు కార్డు మళ్ళీ మేకుకి తగిలించాక. అందులో ముక్కలున్నాయి, పేర్లున్నాయి, సమయం ఉంది. ఎవరు లాక్కున్నారన్నది లేదు. మీకు ఆట వచ్చు కాబట్టి గెలిచినవాణ్ణి మీరే తేల్చుకున్నారు. మీరు ఆ కుర్చీలో నిజంగా కూర్చుని ఉంటే కుప్ప మీద దయాకర్ చెయ్యి పడనిచ్చేవారా?"

ఆయన ఆ మూడు కాగితాల మీదికి వంగి, కుప్ప లైను వెతుక్కుని చూశాడు. మొహంలో భయం కన్నా సిగ్గు ఎక్కువ కనిపించింది, తన శిష్యులు తన పాఠం తప్పారన్న సిగ్గు. నాకు నిజంగా జాలేసింది. మెడలోంచి ఐడీ కార్డు తీసి, ఫోటో కిందకి వచ్చేలా బోర్లా తిప్పి, బల్ల మధ్యకి తోశాడు.

"పడేశానండి," అన్నాడు.

"మెషీన్?" అన్నాడు రమీజ్.

"గేటు దాటలేదండి. మెస్ వెనకాల పాడైపోయిన వాటర్ కూలరుంది కదండీ, దాని పొట్టలో పెట్టానండి. అల్ ఖూజ్ వర్క్‌షాపులో ఒకాయన అడిగాడండి. అయిదింటికి పికప్ తీసుకుని వస్తానన్నాడు."

గడియారం మూడూ నలభై చూపిస్తోంది. రమీజ్ ల్యాప్‌టాప్ తెరిచి, నాలుగింటికి పంపాల్సిన రిపోర్టుని నా ఎదురుగానే తీసేశాడు. లేచి బెల్టు సర్దుకున్నాడు.

"యల్లా, పదండి మేడమ్. ఆ పికప్ వాడిని ఇద్దరం కలిసి పట్టుకుందాం. ఇది సగం సగం."

"మూడోది నాదే. పికప్ మీది."

"చాయ్ తాగి పోదాం," అన్నాడు. నన్ను అడక్కుండానే రెండు చాయ్‌లు చెప్పాడు.

వెంకట్రాములు గార్డు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దయాకర్, గంగాప్రసాద్ చెరో పక్కనా ఉన్నారు. అతని కార్డు అతని చేతిలో పెట్టి అంతా చెప్పాను. సారు పేరు వినగానే ముగ్గురూ తలలు వంచుకున్నారు. నమ్మిన మనిషి కదా. కాసేపటికి వెంకట్రాములు కళ్ళు తుడుచుకుని, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు వేళ్ళు మడిచాడు.

"మేడం, ఒక్క మాట. అంటె కలరే పెద్దది. అంటె నిన్నటి కుప్ప నాది."

"మీదే."

"ఒరేయ్ దయాకర్!"

"అన్నా, ఒడిసిన ఆట అన్నా!"

"రాములు గారూ," అన్నాను, "నిన్న ఆ కుప్ప మీరు తీసుకుని ఉంటే, ఆయన చెప్పింది అందరికీ నిజంగానే కనపడేది. నాలుగింటికి మీరు దొంగ అయ్యేవారు."

అతను మడిచిన వేళ్ళు విప్పాడు. తరువాత దయాకర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఉంచుకోరా," అన్నాడు. "పడేసిన."